ఎవరూ చూడని అంచు

తమిళుల ఆడి నెల మూడో శుక్రవారం ఉదయం ధనకోటి వేసుకున్న పథకం చాలా చిన్నది. తిరుత్తణిలో రైలెక్కాలి, తిరువళ్ళూరులో దిగాలి, కోర్టు వెనక సందులో వకీలు పాల్‌రాజ్ దగ్గర నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టాలి, పది గంటలకల్లా ఫ్యాక్టరీలో ఉండాలి, సాయంత్రం తిరిగొచ్చి వీధి అమ్మవారి ఊరేగింపు చూడాలి. నలభై ఎనిమిదేళ్ళ జీవితంలో అతను వేసుకున్న పథకాలన్నీ ఇంత చిన్నవే. చెడిపోయేటప్పుడు మాత్రం అవి ఆ కొలతను పాటించేవి కావు.

ధనకోటి నేతగాళ్ళ వీధిలో పుట్టినవాడు. మగ్గం మీద కూర్చున్నది తక్కువ. అతని పని గీత. గళ్ళ కాగితం మీద గడికొక పోగు చొప్పున లెక్కకట్టి చీర అంచులకు నమూనాలు గీసేవాడు. వాటిని చూసి మగ్గానికి బిగించే జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. పాతికేళ్ళలో అతని అంచులు కట్టుకోని పెళ్ళికూతురు ఆ చుట్టుపక్కల లేదు. వాటిలో ఒక్కటైనా అతనిదని తెలిసిన పెళ్ళికూతురూ లేదు. ఆ వీధిలో అంచుకు తండ్రి ఉండడు. సోమవారం ఒకరి మగ్గం మీద కనిపించిన గీత బుధవారానికి మూడో ఇంట్లో ఉంటుంది. ఇదేమిటని అడిగితే, "మన గీతే గదన్నా" అంటారు, ఎంతో ఆప్యాయంగా. ఆ ఆప్యాయతను ధనకోటి పాతికేళ్ళు భరించాడు. మగ్గాలు ఒక్కొక్కటే మూలబడ్డాక, ఆరేళ్ళ కిందట, తామరైపాక్కం దారిలో జగన్నాథన్ అనే ఆయన పెట్టిన చెప్పుల ఫ్యాక్టరీలో అడుగున ఉండే సోళ్ళకు నమూనాలు గీసే ఉద్యోగంలో చేరాడు.

అక్కడ గీసినవాటిలో ఒకటి అతనికే ఆశ్చర్యం కలిగించింది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని కొసస్థలై ఏటి అడ్డకట్ట దగ్గర కూర్చునేవాడు. కట్ట మీదుగా నీళ్ళు మెట్టుమెట్టుగా విరిగి, మడతలుగా పడి, మళ్ళీ ఒకటయ్యేవి. వాటిని నెల రోజులు చూసి, తనకు తెలిసిన ఒకే పద్ధతిలో, గళ్ళ కాగితం మీద, గడికొక పోగు లెక్కనే గీశాడు. ఆ ముక్కను పాదం ఆకారంలో పక్కపక్కన పేర్చుకోవడం అచ్చు కోసేవాడి పని. జగన్నాథన్ దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఈ డిజైనును ధనకోటి పేరు మీదే ప్రభుత్వంలో నమోదు చేయిద్దామనీ, వాడుకునే హక్కు మాత్రం తన ఫ్యాక్టరీకి ఇస్తే చాలుననీ అన్నాడు. "ఈ డిజైనుకు యజమాని ధనకోటి" అని ముద్ర వేసిన కాగితం ఒకటి లోకంలో ఉంటుందన్న ఊహకే ధనకోటికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

పాల్‌రాజ్ పెట్టిన షరతు ఒక్కటే. దరఖాస్తు పడేవరకు డిజైనును ఎవరూ చూడకూడదు. ఎక్కడా దాని పేరు రాయకూడదు, తేదీ వేయకూడదు, ఇంట్లో కూడా చెప్పకూడదు. ధనకోటి మూల కాగితాన్ని అచ్చు కోసం ఫ్యాక్టరీలో ఇచ్చి, తన ప్రతిని చుట్టి, పాత అంచుల కాగితాలుండే రేకు గొట్టంలో వాటి మధ్యనే దాచాడు. తాళం వేసిన పెట్టెనైతే ఎవరైనా అనుమానిస్తారని అతని లెక్క.

దాని ధ్యాసలో పడి ఈ ఏడాది వీధికి ఒక అంచు కూడా గీయలేదు. ఆడి మూడో శుక్రవారం అమ్మవారికి కట్టే చీర అంచు అంతకుముందు ఎవరూ చూడనిదై ఉండాలన్నది ఆ వీధి ఆచారం. ఈసారి వంతు ధనకోటి భార్య రంగనాయకమ్మకు అన్న అయిన నటరాజుది. ఆయన వచ్చి అడిగితే ధనకోటి తనకు తీరిక లేదన్నాడు. నటరాజు నవ్వి వెళ్ళిపోయాడు.

ఇక ఆ శుక్రవారం ఉదయం పాల్‌రాజ్ సంగతి. ఆయనకు అమ్మమ్మ వైపు నుంచి కొంత తెలుగు సంక్రమించింది. కాగితాలు ముందు పెట్టుకుని, ఈ గీతల వల్ల ప్రయోజనం ఏమిటని అడిగాడు. ఆరేళ్ళలో తనను ఎవరూ అడగని ప్రశ్న అది. ధనకోటి కుర్చీ ముందుకు జరుపుకుని, ఆ మెట్లు నీటిని పక్కలకు తోసేస్తాయనీ, తడిసిన రాతి మీద కూడా కాలు జారదనీ ఉత్సాహంగా వివరించాడు. పాల్‌రాజ్ కలం కింద పెట్టాడు.

"అట్ల ఎవురి దగ్గిరా చెప్పొద్దు సామీ. పనికొచ్చేదానికి ఈ చట్టంలో చోటు లేదు. కంటికి బాగుండాల, అంతే. పని గురించి నేనేమీ అడగను, అందం మటుకే నాది అని రాసి సంతకం పెట్టండి."

తన పనితనంలో సగాన్ని తనది కాదని ధనకోటి సంతకం పెట్టాడు. రెండో కాగితం మీద, ఈ డిజైనును దేశంలో గానీ విదేశంలో గానీ ఎవరూ చూడలేదని సంతకం పెట్టాడు. భార్య కూడానా అని పాల్‌రాజ్ అడిగితే, ఆమెకు తను చేసేది చెప్పుల పని అని మాత్రమే తెలుసుననీ, అది కూడా ఇష్టం లేకుండా తెలుసుననీ చెప్పాడు. సోలును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయించి సోమవారం దరఖాస్తు పెడదామని పాల్‌రాజ్ అన్నాడు. అందుకోసం ఫ్యాక్టరీలో మొదటి నమూనా సోలును ఇచ్చారు. దాన్ని ధనకోటి కాగితంలో చుట్టి, తువ్వాలులో పెట్టి, సంచిలో వేసుకుని సాయంత్రం అయిదింటికి తిరుత్తణిలో దిగాడు.

వీధి మొదట్లో మేళం వినిపించింది. అమ్మవారు ఎదురుగా వస్తున్నది. ధనకోటి చెప్పులు విడిచి, చేతులు జోడించి, తలెత్తి చూశాడు. పసుపు పచ్చని పట్టు మీద ఎర్రటి అంచు. అంచు మీద మెట్టుమెట్టుగా విరిగి, మడతలుగా పడి, మళ్ళీ ఒకటవుతున్న నీళ్ళు. ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు పల్లకీ దగ్గరికి వెళ్ళి ఆ అంచును తాకి కళ్ళకద్దుకుంటున్నారు. ధనకోటి సంచిని గుండెకు హత్తుకున్నాడు. చూసినవాళ్ళు అది భక్తి అనుకున్నారు.

"ఎట్లుంది బావా?" నటరాజు గంధం చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"ఇది యాడిది?"

"నీదే, ఇంకెవురిది? చెల్లెలు గొట్టం తీసిచ్చింది. అన్నీ పాతవి, ఇదొకటి కొత్తది. ఫోన్లో ఫోటో తీసుకోని మళ్ళా యాడుండేదో ఆడ్నే పెట్టేస్తిమి. కాగితం నలగలే."

"టైం లేదని చెప్తిని గదా బావా."

"నువ్వెప్పుడు చెప్పలేదు? ప్రతి ఏడూ మొదట లేదనేది, తర్వాత ఇచ్చేది. ఈతూరి మేమే తీసుకుంటిమి. నీకు శ్రమ లేదు."

ఆ వీధిలో మొదటి అడుగుకు లేదనడం మర్యాద. ధనకోటి పాతికేళ్ళుగా ఆ మర్యాదను పాటించాడు. నిజంగా లేదని చెప్పడానికి అతని దగ్గర వేరే మాట మిగల్లేదు. గొంతు తగ్గించి, ఆ చీర మార్పించమని బావను అడిగాడు. ఊరేగింపు నడుమ అమ్మవారి చీర విప్పడమా అని నటరాజు నోరు తెరిచాడు. కారణం అడిగితే ధనకోటి చెప్పలేదు. ఆ డిజైనును ఎవరూ చూడలేదని ఉదయమే సంతకం పెట్టాడు. పెట్టకపోయినా, సంచిలో ఉన్న కారణాన్ని అక్కడ తీసి చూపించలేడు.

ఈ సంభాషణను ముగ్గురు విన్నారు. వీధి పెద్ద పెరుమాళ్ దగ్గరికి చేరేసరికి అది మరో రూపం తీసుకుంది: అంచు గీసినవాడికి మొదటి తాంబూలం ఇవ్వలేదని ధనకోటి మనసు నొచ్చుకున్నాడు. పెరుమాళ్‌కు డెబ్బై ఆరేళ్ళు. న్యాయం తెలిసిన మనిషి. పాతికేళ్ళుగా ఈయన గీతలను పేరైనా చెప్పకుండా వాడుకున్నామన్న పశ్చాత్తాపం ఆయనకు సరిగ్గా ఆ నిమిషంలోనే కలిగింది. మేళం ఆపించాడు. ధనకోటిని ముందుకు పిలిచి శాలువ కప్పి, మైకు తెప్పించాడు.

"ఈ అంచును ఇంతకుముందు లోకంలో ఎవురూ చూసింది లేదు. ఈ దినం మొట్టమొదట మన అమ్మ కట్టింది. గీసింది మన ధనకోటి. అందురూ బాగా చూసుకోండి, ఫోటోలు తీసుకోండి."

అందరూ బాగా చూసుకున్నారు. ధనకోటి కూతురు కవిప్రియ, తండ్రికి జరిగిన గౌరవానికి కళ్ళు తుడుచుకుంటూ, ఆ మొత్తాన్ని వీడియో తీసి, తేదీతో సహా, తనకు బాగా వచ్చిన తమిళ అక్షరాల్లో తండ్రి పేరు రాసి, ఇంటర్నెట్‌లో పెట్టింది. దీపాలు పెట్టే వేళకు నాలుగువేల మంది చూశారు. తన పేరు నలుగురిలో వినబడాలని జీవితమంతా కోరుకున్న మనిషి, అది వినబడిన సాయంత్రం ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పాల్‌రాజ్ అంతా విని విచారిస్తాడనుకుంటే, ఆయన కళ్ళు మెరిశాయి. చట్టంలో ఒక దారి ఉందన్నాడు. గీత పాతదే అయినా దాన్ని ఒక కొత్త వస్తువుకు మొదటిసారి వాడితే, అది కొత్తదిగానే చెల్లుతుంది. కావలసింది ఒక్క వాక్యం. ఫలానా వీధి అమ్మవారు కట్టిన చీర అంచును మొట్టమొదటిసారిగా చెప్పు అడుగుకు వాడినవాణ్ణి నేనే అని రాసి కింద సంతకం పెడితే చాలు.

ధనకోటి ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇది మా వీధిలో ఎవురైనా చదివితే?"

"నమోదు చేసే కోల్‌కతా ఆఫీసులో చదువుతారు. మీ వీధిలో ఎందుకు చదువుతారు సామీ? కానీ ఒకటుంది. జనం మనసు నొప్పించేదైతే ఇయ్యకూడదని ఇంకో సెక్షన్ ఉండాది. కొత్తది అనిపించుకోవాలంటే అమ్మవారి పేరు చెప్పాల. చెప్తే జనం నొచ్చుకుంటారు." ఈ చిక్కు అందానికి పాల్‌రాజ్ కాసేపు ముగ్ధుడయ్యాడు. తన వృత్తిలో ఇలాంటిది చూడలేదన్నాడు.

ధనకోటి సంతకం పెట్టకుండా లేచాడు. పాల్‌రాజ్ నిజాయితీపరుడు, కక్షిదారు రహస్యం బయటపెట్టడు. కాబట్టి జగన్నాథన్‌కు ఫోన్ చేసి, మీవాడు సంతకం పెట్టనంటున్నాడనీ, కారణం తను చెప్పకూడదనీ మాత్రమే చెప్పాడు. ఇంతకన్నా అనుమానాస్పదమైన నిజాయితీ ఉండదు. ఎవరో పోటీదారు ధనకోటిని లోబరచుకున్నాడని జగన్నాథన్ తీర్మానించాడు. ధనకోటి వచ్చి, ఆ డిజైను ఆపేద్దామనీ, వేరే గీత గీసిస్తాననీ, కనీసం దీపావళి దాకా ఆగమనీ బతిమాలాడు. ప్రతి వేడికోలూ అనుమానానికి ఒక మేకు కొట్టింది. ఆపమన్నది ఎవరని జగన్నాథన్ మెత్తగా అడిగాడు. ధనకోటి మళ్ళీ దీపావళి మాటే అన్నాడు. ఆ మధ్యాహ్నమే అచ్చులు మిషను ఎక్కాయి. పోటీదారు కన్నా ముందు బజారులో ఉండాలని, పన్నెండు రోజుల్లో ఆ చెప్పులు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా దుకాణాల్లో వేలాడాయి.

ఆ పన్నెండు రోజులూ ధనకోటి బావతో మాట్లాడలేదు. గొట్టం తీసిచ్చిన పాపం తనదేనని రంగనాయకమ్మ మథనపడింది. ఆయన కోపం ఎందుకో ఆమెకు తెలియదు, అడిగితే చెప్పడు. చివరికి బజారుకెళ్ళి, మొగుడి ఫ్యాక్టరీ పేరున్న చెప్పుల జత ఒకటి కొని, మీ బావ పంపించినాడని అన్నకు ఇచ్చింది. చెప్పులు కొనేవాళ్ళు పట్టీలు చూస్తారు; అడుగును చూసేది నేల ఒక్కటే. నటరాజు సంతోషించి ఆ సాయంత్రమే వాటిని వేసుకుని, వాన తెరిపిచ్చాక గుడికి వెళ్ళొచ్చాడు.

మర్నాడు ఉదయం వాకిలి చిమ్మడానికి వచ్చినామె గుడి ముందు ఎర్రమట్టిలో వాటిని చూసింది. పాదాలు. ఒక్కో పాదంలో అమ్మవారి చీర అంచు, ఒక్క మెట్టు కూడా చెదరకుండా. చీపురు అక్కడే వదిలి ఆమె కేక పెట్టింది. పావుగంటలో వీధంతా వచ్చింది. రాత్రి అమ్మ తన వీధిలో తిరిగిందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు; లేకపోతే ఆ అంచు నేల మీదికి ఎలా వస్తుంది? పాదాలకు పసుపు కుంకుమలు పెట్టారు, పూలు చల్లారు, కర్పూరం వెలిగించారు. తొక్కకుండా చుట్టూ తాడు కట్టారు. పెరుమాళ్ ఒక్కో పాదానికీ వంగి మొక్కుతూ ముందుకు నడిచాడు. పాదాలు తిన్నగా నటరాజు గడపలోకి వెళ్ళాయి.

ఆ తరువాతి అరగంట నటరాజు జీవితంలో గొప్పది. అమ్మవారు వచ్చి కాలుపెట్టిన ఇల్లని ఆడవాళ్ళు అతని గడపకు హారతి ఇచ్చారు. ఒకామె అతని కాళ్ళకే మొక్కబోయింది. ఆ తోపులాటలో ఎవరి కాలో తగిలి, గడప పక్కన విడిచిన చెప్పొకటి వెల్లకిలా పడింది.

అడుగున అదే అంచు. హారతి పళ్ళెం పట్టుకున్నామె దాన్ని చాలా నెమ్మదిగా కింద పెట్టింది.

నటరాజు కాలయాపన చేయలేదు. చెప్పు తిప్పి పట్టీ మీద పేరు చూపించాడు. ఎవడో అమ్మవారి అంచును దొంగిలించి కాలికిందికి తెచ్చినాడనీ, ఆ ఫ్యాక్టరీ ఫలానా అనీ అన్నాడు. అందరూ ధనకోటి వైపు తిరిగారు. మనిషి ఆ ఫ్యాక్టరీలో ఉన్నాడు, అంచు గీసింది ఆయనే; తన గీత తన కళ్ళముందే దోపిడీ అయిందని పాపం ఇన్నాళ్ళూ కుమిలిపోయినట్టున్నాడు, అందుకే గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీధి అతన్ని అంత బాగా అర్థం చేసుకోవడం అదే మొదటిసారి.

"ఏం ధనకోటీ, నీ గీతను వాళ్ళు దొంగిలించినారా లేదా? నువ్వే చెప్పు," అన్నాడు పెరుమాళ్.

ధనకోటి నోరు తెరిచాడు. నటరాజు అతని భుజం పట్టుకుని ఇంట్లోకి, మగ్గం వెనక్కి, తీసుకెళ్ళాడు. రంగనాయకమ్మ వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"బావా, ముందు గీసింది సోలుకే," అన్నాడు ధనకోటి.

"ఇప్పుడు తెలిసింది. అందుకే చెప్పొద్దంటా ఉండా. నువ్వు చెప్తే, అమ్మవారికి చెప్పు అడుగు నేసి కట్టింది నేను. కళ్ళకద్దుకున్నది వాళ్ళంతా."

"అది నాది బావా. నా పేరు మీద ఒక్కటంటే ఒక్కటి."

తలుపు దగ్గరి నుంచి రంగనాయకమ్మ అంది. "నువ్వు గీస్తివి, నేనిస్తిని, అన్న నేసె. ముగ్గురం ఈ వీధిలోనే గదా బతకాల. నీ పేరు ఆ కాగితంలో ఉండి, మనం యాడుండేది?"

ధనకోటి బయటికి వచ్చి తలూపాడు. దొంగిలించినారని అతను అనలేదు; తలూపడం చాలింది. రెండు వ్యాన్లు వచ్చాయి. ముందు వ్యానులో, డ్రైవరు పక్కన, అన్యాయమైపోయిన కళాకారుడిగా అతన్నే కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ గేటు తీయించినప్పుడు జగన్నాథన్ మొదట చూసిన ముఖం అదే.

వ్యవహారం ముదరకుండా తిరువళ్ళూరులో ఒక అధికారి రెండు పక్షాలనూ శాంతి సమావేశానికి పిలిచాడు. ఆ గదిలో నిజం చెప్పినవాడు జగన్నాథన్ ఒక్కడే. ఈ గీత ఈయన మా చెప్పులకే గీసిచ్చాడు, ఆడి మాసానికి ముందే గీశాడు అని చెప్పాడు. రుజువేమిటని అధికారి అడిగాడు. రుజువు లేదు. రహస్యం కోసం ఏ కాగితం మీదా పేరు వేయలేదు, తేదీ వేయలేదు, ఒక ముక్క రాసుకోలేదు. జగన్నాథన్ దగ్గరున్నది ధనకోటి గీసిన మూల కాగితం మాత్రమే. అధికారి దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. పెరుమాళ్ లేచి, సన్నటి గళ్ళ మీద వేలు పెట్టాడు.

"గడికొక పోగు అయ్యా ఇది. చెప్పుకు పోగులెందుకు?"

తరువాత కవిప్రియ తీసిన వీడియో చూశారు. అందులో తేదీ ఉంది, పేరు ఉంది, లోకంలో ఇంతకుముందు ఎవరూ చూడలేదన్న పెద్దమనిషి ప్రకటన ఉంది. పాల్‌రాజ్ కోరిన సాక్ష్యమంతా ఉంది, ఒక్క వస్తువు తేడాతో. అధికారి కళ్ళజోడు తీసి ధనకోటిని సూటిగా అడిగాడు: ముందు గీసింది చీరకా, చెప్పుకా?

వెనక బెంచీల్లో వీధంతా కూర్చుని ఉంది. ముందు కుర్చీలో, ఆరేళ్ళలో అతన్ని ఒకే ఒక్కసారి మాటలు లేకుండా మెచ్చుకున్న మనిషి ఉన్నాడు.

"చీరకే," అన్నాడు ధనకోటి.

జగన్నాథన్ కోప్పడలేదు. పగిలిన అచ్చును చూసినట్టు అతన్ని ఒకసారి చూసి, మిగిలిన సరుకు వెనక్కి తెప్పిస్తాననీ, అచ్చులు కరిగిస్తాననీ ఒప్పుకుని సంతకం పెట్టాడు. రేపటి నుంచి రానక్కరలేదని ధనకోటికి వేరే చెప్పలేదు. ఆ మాట కాగితానికి ఎక్కాల్సినంత పెద్దది కాదు.

తీర్మానం ఒక పేజీ. పై భాగంలో, సదరు డిజైను తిరుత్తణి నివాసి ధనకోటి సొంత సృష్టి అనీ, దానికి యజమాని అతనేననీ ఇరుపక్షాలూ అంగీకరించినట్టు రాశారు. కింది భాగంలో, ఇకమీదట దాన్ని పాదరక్షల మీద సదరు యజమానితో సహా ఎవరూ వాడరాదనీ, అమ్మవారికి చెందిన గీత కాబట్టి వీధి పెద్దల అనుమతి లేకుండా సదరు యజమాని వేరే దేనికీ ఇవ్వరాదనీ రాశారు. అధికారి గుండ్రటి ముద్ర వేసి ఒక ప్రతిని ధనకోటి చేతికిచ్చాడు. వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు.

డిజైనుకు ప్రభుత్వ రక్షణ పూర్తిగా లభించింది, ముఖ్యంగా దాన్ని గీసినవాడి నుంచి.